ఎర్రదారం బెల్టు

దారం పిన్ని కుట్టిన బెల్టు కట్టి ఒకసారి ఏనుగును లోయలోకి దూకించారు. అది తాడు చివర మూడుసార్లు ఊగి, పైకొచ్చి, ఇంకోసారి దూకుతానని మారాం చేసింది. సరే, ఏనుగు కాదు, ఏనుగంత మనిషి. ఇంకోసారి అని కూడా అనలేదు, "అమ్మా" అన్నాడంతే. బెల్టు సంగతి మాత్రం అక్షరాలా నిజం.

లోయ మీద ఇనుప వంతెన ఉంది. నడుముకూ తొడలకూ బెల్టు బిగించుకుని, సాగే తాడుతో దాని మీంచి దూకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ బెల్టులన్నీ ఇరవై ఏళ్లుగా కుడుతున్నది పిన్నే. వంతెన దిగువ వీధిలో ఒక గది, పాత కుట్టుమిషను, వేలెడంత సూదులు. ప్రతి బెల్టుకూ చివరి వరస ఎర్రదారంతో, చేత్తోనే వేస్తుంది. తర్వాత దాన్ని గది దూలానికి తగిలించి, అందులో తనే కూర్చుని ఒక పూటంతా ఊగుతుంది. ఊగుతూనే కూరగాయలు తరుగుతుంది. అప్పుడు పాదాలు నేలకు జానెడు ఎత్తున ఉంటాయి. జన్మలో ఆమె ఎక్కిన ఎత్తు అంతే. స్టూలెక్కితే కళ్లు తిరుగుతాయి. వంటింట్లో బల్బు మాడిపోయి మూడు నెలలైంది.

"లోకాన్నంతా లోయలోకి తోస్తావు, బల్బు మార్చలేవా వదినా?" అనేది ఆడపడుచు.

"లోకానికి బెల్టుందే. నీ స్టూలుకేముంది?"

అలాంటి రోజుల్లో వంతెన మీదికి కొత్త మేనేజరు దిగాడు. కొక్కేలకున్న పిన్ని బెల్టులన్నీ తీయించి, ఫ్యాక్టరీ బెల్టులు తగిలించాడు. పాతవాటిని అట్టపెట్టెలో వేయించి ఆమె గుమ్మంలో దింపించాడు.

"మీ పనితనాన్ని కాదనడం లేదమ్మా. ఇంట్లో కుట్టినవంటే వచ్చేవాళ్లు నమ్మరు. ఇక కుట్టకండి."

"నువ్వు నమ్ముతావా బాబూ?"

"కుట్టిన మీరే ఏనాడూ దూకలేదు. ఇంకెవరు నమ్ముతారు చెప్పండి?"

అతను వెళ్లాక పిన్ని మిషను ముందు కూర్చుంది గానీ, తొక్కడానికి పనేమీ లేదు. కాసేపటికి లేచి పెట్టె తెరిచింది. అందరి కొలతలూ కంటిచూపుతో చెప్పే మనిషి, తన నడుము మాత్రం ఎప్పుడూ కొలుచుకోలేదు. ఉన్నవాటిలో చిన్నది తీసింది. బకిల్ అందలేదు.

"పెద్దది తీసుకో వదినా."

"నా నడుము నాకు తెలుసు!" అంది పిన్ని. మూడో బెల్టు సరిపోయింది.

ఆడపడుచు మోచెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకునే వంతెనెక్కింది. వరసలో నిలబడ్డవాళ్లు పక్కకు తప్పుకున్నారు. తాళ్లు కట్టే పెద్దాయన కొక్కేలు రెండుసార్లు లాగి చూశాడు. మేనేజరు పరుగున వచ్చాడు.

"అమ్మా, నేనేదో మాటవరసకు అన్నాను!"

"నేను మాటవరసకు కుట్టలేదు బాబూ."

పిన్ని బొటనవేలితో ఎర్రకుట్టు తడిమి చూసుకుంది. "దూలమే, జానెడే" అని గొణుక్కుంటూ అడుగు ముందుకేసింది.

జానెడు దాటిపోయింది. లోయ మాత్రం ఇంకా బోలెడు మిగిలే ఉంది.

తాడు సాగి, బెల్టు ఒంటిని ఒడిసిపట్టి, ఆమెను బంతిలా పైకి విసిరింది. అప్పుడు కళ్లు తెరిచింది. "కుట్టు కదల్లేదూ!" అని ఒక్క కేక. లోయ ఆ మాటను నాలుగుసార్లు అప్పజెప్పింది. రెండోసారి పైకి లేచినప్పుడు "చూసుకో బాబూ!" అంది. మూడోసారికి తల తిప్పి ఊరు చూసింది. "ఏమే, మన డాబా కనిపిస్తోంది! బట్టలు ఇంకా తియ్యలేదా నువ్వు?"

వంతెన చప్పట్లతో దద్దరిల్లింది. వరసలో ముందున్న కుర్రది తన ఫ్యాక్టరీ బెల్టు విప్పేసి, "నాకు ఎర్రదారం ఉన్నదే కావాలి" అంది. వెనకాలవాళ్లూ అదే పాట. మేనేజరు తనే వెళ్లి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకొచ్చి, ఒక్కో బెల్టునూ తిరిగి కొక్కేనికి తగిలించాడు. ఆఖరిది తగిలించి, మరో ముప్పై కుట్టమని పిన్నిని బతిమాలాడు. "చూద్దాంలే" అంది పిన్ని, మహారాణిలా.

ఈ కథ ఎవరైనా అడిగితే ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తలైనా ఎత్తదు.

"నేనా? దూకడమా? ఆ పూటంతా ఈ గడప దాటలేదు నేను. స్టూలే ఎక్కలేను, కావాలంటే వంటింట్లో బల్బు చూడండి, ఇంకా అలాగే మాడిపోయి ఉంది. మార్చాలంటే పక్కింటివాళ్లను పిలవండి."