వెహెమెంట్లీ అపోజ్డ్ క్లారీ

కరవాంగ్ ఫ్లాట్ అనే పల్లెటూరి హాలు కమిటీలో క్లారీ పెన్‌హాల్ ఒప్పుకున్న తీర్మానం ఒక్కటీ లేదు. లేచి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "వెహెమెంట్లీ అపోజ్డ్", అంటే తీవ్రంగా వ్యతిరేకిస్తున్నా, అనేవాడు. ఉత్త "అపోజ్డ్" అంటే ఆయనకు ఉప్పు లేని సూపు తాగినట్టుండేది.

కార్యదర్శిగా పంతొమ్మిదేళ్లుగా మీటింగుల మినిట్స్ రాస్తున్న నొలీన్‌కు ఆ రెండు మాటలూ రాసి రాసి వేళ్లు కాయలు కాశాయి. కుర్చీలకు రంగేద్దామంటే వెహెమెంట్లీ అపోజ్డ్. సరే, మానేద్దామంటే దానికీ వెహెమెంట్లీ అపోజ్డే. ఓసారి ఆయన పుట్టినరోజుకే కేకు కొందామంటే దాన్నీ వ్యతిరేకించి, ఓడిపోయి, మూడు ముక్కలు తిన్నాడు మహానుభావుడు.

"అసలు పుట్టడానికైనా ఒప్పుకునే పుట్టావా?" అని అడిగాడు అధ్యక్షుడు బెర్ట్.

"డాక్టరు చెప్పిన తేదీకి రెండు వారాలు ఆలస్యంగా" అన్నాడు క్లారీ గర్వంగా.

మార్చి మీటింగులో ఆర్లీన్ లేచింది. భర్త పోయి ఎనిమిది నెలలు. ఒంటరిగా ఉండేవాళ్లంతా బుధవారం మధ్యాహ్నాలు హాల్లో కలిసి తినాలని ఆవిడ తీర్మానం. కాగితం చూసి చదివింది. "ఒక్కదాన్నే తినలేకపోతున్నాను" అని అందులో లేని మాట కూడా పైకి అనేసింది.

"బలపరిచేవారు?" అన్నాడు బెర్ట్.

ఎవరూ కదల్లేదు. చెయ్యెత్తితే వంట తమ నెత్తిన పడుతుందని భయం. బలపరిచేవాళ్లు లేకపోతే తీర్మానం చర్చకు రాకుండానే పోతుంది. నొలీన్ బలపరుద్దామంటే ఆ కమిటీలో కార్యదర్శికి ఆ హక్కు లేదు. ఆర్లీన్ కాగితం మడిచేస్తుంటే నొలీన్ ప్రాణం ఉసూరుమంది.

క్లారీ లేచాడు. "వెహెమెంట్లీ అపోజ్డ్."

"కూర్చోవయ్యా. చర్చకే రానిదాన్ని ఏం వ్యతిరేకిస్తావు?" అన్నాడు బెర్ట్.

"అందుకే బలపరుస్తున్నాను. ముందు రానీ, తర్వాత దాని సంగతి చూస్తా."

జనం పకపకా నవ్వారు. క్లారీ అందుకున్నాడు. "ఈ డౌగల్ ఉన్నాడు. పెళ్లాం పోయాక కుక్కతో తప్ప మాట్లాడడు. ఇక్కడికొచ్చి కూర్చుంటే ఆ కుక్క గతేంటి? నేనూ పదకొండేళ్లుగా సింకు దగ్గర నిలబడి టోస్టు తింటున్నాను. నాకేం తక్కువ? చచ్చానా?"

"ఒప్పుకునేవారు?" అన్నాడు బెర్ట్. ముందు డౌగల్ చెయ్యి లేచింది. "మటన్ నేను వండుతాలే" అంటూ బెర్ట్ భార్య చెయ్యెత్తింది. ఆ తర్వాత లేవని చెయ్యి వెతకాల్సి వచ్చింది.

"వ్యతిరేకించేవారు?" అని బెర్ట్ క్లారీ వైపే చూశాడు.

"చేతులు ఖాళీ లేవు, కనబడ్డం లేదా?" ఆర్లీన్ చేతిలోని కాగితం లాక్కుని వెనకవైపు ఏదో రాస్తున్నాడు క్లారీ. నొలీన్ తొంగిచూసింది. 'బంగాళాదుంపల తొక్క తీయడం: క్లారీ పెన్‌హాల్, ప్రతి బుధవారం' అని ఉంది. ఆవిడ మినిట్స్‌లో వ్యతిరేకం దగ్గర హాయిగా సున్నా చుట్టింది.

"పదింటికి వస్తే చాలండీ" అంది ఆర్లీన్.

"కుదరదు" అన్నాడు క్లారీ. "తొమ్మిదికే వస్తా."