మునక బాబాయి, ముసలి పెట్టె

"…అంటే ఏమిటయ్యా, కింద గదిలో ఒక్క పెట్టె తీస్తే నాలుగంతస్తుల ఆసుపత్రీ మునిగిపోతుందా?"

"మునిగిపోతుంది సార్."

"పోయినేడూ ఇదే చెప్పావు."

"పోయినేడూ తీయలేదుగా సార్. అందుకే మునగలేదు."

మేనేజరు గదిలోంచి వినబడిన రెండో గొంతు మా బాబాయిది. వరసకు ఏమీ కాడు. ఆసుపత్రి నెట్‌వర్కు చూసే పెద్దాయన, నేను ఆయన కింద ఇంజనీరుని. ఆయనకున్న అలవాటు ఒక్కటే: ఏం జరిగినా, జరగకపోయినా, మునిగిపోయామనడం. లిఫ్టు ఆగితే మునిగాం. బాగైతే, "ఎన్నాళ్లు నడుస్తుందిలే అమ్మాయ్, మునుగుతాం." అందరూ మునక బాబాయి అంటారు. ఆయన నొచ్చుకోడు.

చేరిన రోజే నాకు పాఠం చెప్పాడు.

"కంప్యూటర్ల తీగల్ని కలిపే ఈ పెట్టెలే స్విచ్చిలు. ఒక తీగ తెగితే ఇంకోటి ఉండాలని వాటి మధ్య రెండు దారులు వేస్తాం. రెండు దారులు కలిస్తే చుట్టు. అందులో పడ్డ కబురు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఈ పెట్టెలు తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుని, దాని లెక్క ప్రకారం మిగులు దారులు మూసుకుంటాయి. ఎంత చిన్న అంకె ఇస్తే అంత పెద్దరికం. ఎవరికీ అంకె ఇవ్వకపోతే మామూలుగా ముసలి పెట్టే, మన దగ్గరైతే కింద రికార్డు గదిలోది, పెద్దవుతుంది. అప్పుడు?"

"మునుగుతాం," అన్నాను.

"పనికొస్తావు," అన్నాడు.

ఒకసారి రిసెప్షన్‌లో అమ్మాయి, వేలాడే తీగ చూడ్డానికి బాగాలేదని, దాని రెండు కొసలూ బల్ల కింద ఉన్న చౌకరకం పెట్టెలోనే గుచ్చింది. ఆ పెట్టెకు ఈ పెద్దరికాలేవీ తెలియవు. నలభై నిమిషాలు ఆసుపత్రి స్తంభించింది. ఆ పిల్ల ఏడుస్తుంటే బాబాయి పక్కన చతికిలబడ్డాడు. "ఇవాళ ఎలాగూ మునగాల్సిందేనమ్మా. నీ చేత్తో అయింది, అంతే."

కింద రికార్డు గదిలో పాత కేసు కాగితాలు చూసే ఆవిడ మోకాళ్లు పట్టుకుని నడుస్తుంది. పదకొండు నెలల్లో రిటైరవుతుంది. రోజూ పొద్దున్నే పలకరిస్తుంది: "మునిగామా అన్నయ్యా?"

"ఇంకా లేదమ్మా. సాయంత్రం దాకా టైముంది."

ఆ మధ్య ఆయన కంటి ఆపరేషనుకు వారం సెలవు పెట్టాడు. రెండో రోజే మేనేజరు నన్ను పిలిచాడు.

"రికార్డు గది ఖాళీ చేయిస్తున్నాను. కుర్చీలు పెట్టుకోవాలి. ఆ పెట్టె పెద్దరికమేదో పై అంతస్తుకి మార్చెయ్."

"మరి ఆవిడ సార్?"

"గది లేకపోతే ఉద్యోగం ఎక్కడిది?"

నా బల్ల దగ్గరికొచ్చి స్విచ్చిల అంకెలు తెరిచాను. రెండో అంతస్తు పెట్టెకు 4096. అదే పెద్ద. రికార్డు గది పెట్టెకు 61440. అంతకంటే పెద్ద అంకె ఇవ్వడానికి వీల్లేదు, అంటే అన్నిటికంటే చిన్నపిల్ల. దాన్ని నమ్ముకున్నది ఆవిడ కంప్యూటరు ఒక్కటే.

ఫోన్ చేశాను. "బాబాయ్, కింది పెట్టె పెద్దది కాదు."

"చూశావా?"

"చూశాను. అంకెలు ఎవరు మార్చారు?"

"నేనే, ఏడేళ్ల కిందట. ముసలి పెట్టెను నమ్ముకుని ఆసుపత్రి నడుపుతానా?"

"మరి సార్‌కి ఏటా…"

"ఇంకేం చెప్పను? అక్కడో మనిషి ఉందంటే వినరు. స్విచ్చి ఉందంటే భయపడతారు." నిట్టూర్చాడు. "నువ్వు చూసేశావుగా. ఇక మునిగాను."

'మునిగాం' అనకపోవడం అదే మొదటిసారి.

మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన కుర్చీల పట్టీ మీదనుంచి తలెత్తాడు.

"మార్చావా?"

"లేదు సార్. ఆ పెట్టె తీస్తే నాలుగంతస్తులూ మునిగిపోతాయి. ఇంకో పదకొండు నెలలు దాన్ని నేను ముట్టుకోను."