వాగులోకి జీపు దించిన హీరోయిన్

2008 వేసవిలో మా అత్తగారు అమెరికాలోని క్యారీ అనే ఊళ్లో మా దగ్గర కొన్నాళ్లు ఉండటానికి వచ్చారు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్తే పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఒకరోజు లైబ్రరీ నుంచి తెచ్చిన పాత హాలీవుడ్ సినిమా పెట్టాను. వంటింట్లోంచి వస్తున్న ఆవిడ టీవీలో హీరోయిన్‌ని చూసి టక్కున ఆగిపోయారు.

"ఈవిణ్ణి నేను చూశానమ్మాయ్. గుంటూరులో, పీయూసీ చదివేటప్పుడు."

ఇంట్లో చెప్పకుండా స్నేహితురాళ్లతో మార్నింగ్ షోకి వెళ్లారట. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదట. సినిమా పేరూ కథా గుర్తులేవు. గుర్తున్నది ఒక్కటే: పొంగుతున్న వాగులోకి హీరోయిన్ జీపు దించుతుంది, పక్కన హీరో భయంతో కళ్లు మూసుకుంటాడు.

ఆ సినిమా ఏదో ఎలాగైనా పట్టుకోవాలనిపించింది. ఆ నటి డీవీడీలు ఒక్కొక్కటే తెచ్చాను. మొదటి సినిమాల్లో ఆమె హీరో వెనకాల ట్రే పట్టుకుని నిలబడే అమ్మాయి, ఒక్క మాట కూడా లేదు. ఆ తర్వాత చిలిపి సెక్రటరీ. ఇంకొన్నాళ్లకి పోస్టర్ మీద హీరో కన్నా ముందు ఆమె పేరే. నచ్చని వేషం ఇచ్చారని స్టూడియోకి ఎదురుతిరిగి ఏడాదిపాటు ఇంట్లో కూర్చుందని ఎక్కడో చదివి చెబితే, "మంచి పని చేసింది" అన్నారు మా అత్తగారు. మా భోజనాలు సోఫాలోకి మారిపోయాయి. మా ఆయన సాయంత్రం తలుపు తీస్తూనే "దొరికిందా?" అని అడిగేవారు.

దొరకలేదు. చివరికి లైబ్రరీలో పనిచేసే ఆవిడకి ఆ జీపు సీను చెప్పి అడిగితే, వెంటనే గుర్తుపట్టింది. ఆ సినిమా డీవీడీగా రానేలేదట. కానీ పక్క ఊళ్లోని పాత థియేటర్‌లో వచ్చే శనివారం అదే వేస్తున్నారని చెప్పింది. పార్కింగ్‌లోంచే ఇంటికి ఫోన్ చేశాను.

శనివారం మా అత్తగారు పట్టుచీర కట్టుకుని బయల్దేరారు. తెర మీద జీపు వాగు ఒడ్డుకు రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ అవతలి సీట్లోని అమెరికన్ పెద్దావిడ కూడా ముందుకు వంగింది. జీపు అవతలి ఒడ్డెక్కింది. ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

లైట్లు వెలిగాక ఆ పెద్దావిడే పలకరించింది. చిన్నప్పుడు ఈ సినిమా చూసి వచ్చి, పొలంలో ట్రక్కు నడపడం నేర్పమని తండ్రి వెంటపడిందట. పెద్దయ్యాక స్కూల్ బస్ డ్రైవరైందట. నేను తెలుగులో చెబుతుంటే మా అత్తగారి మొహం వెలిగిపోయింది.

"నేను ఈ సినిమా చూసిన వారమే మా అన్నయ్య సైకిల్ తీసి తొక్కడం నేర్చుకున్నానని చెప్పు. మా వీధిలో కాలేజీకి సైకిల్ మీద వెళ్లిన మొదటి ఆడపిల్లని నేనేనని కూడా చెప్పు."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నేను చెప్పడం పూర్తి కాకముందే పెద్దావిడ లేచి ఆవిణ్ణి కౌగలించుకుంది.

బయటికి వస్తుంటే, వచ్చే నెల ఏ సినిమా వేయమంటారని థియేటర్ ఆయన అందరినీ అడుగుతున్నాడు. చాలామంది ప్రేమకథలు చెప్పారు. మా అత్తగారు నన్ను ముందుకు తోసి, ఆ హీరోయిన్ చివరి సినిమా అడగమన్నారు. వయసు పైబడి హీరోయిన్ వేషాలు ఆగిపోయాక, మేకప్ లేకుండా ముసలి టీచరుగా వేసిన సినిమా అది; మేం ఇంట్లో డీవీడీలో చూశాం.

"ఆ ముడతల మొహం అంత పెద్ద తెర మీద చూడాలమ్మాయ్."

ఆయన సరేనన్నాడు. తర్వాతి నెల నేను టికెట్లు తీసుకుని వచ్చేసరికి, మా అత్తగారూ ఆ పెద్దావిడా లాబీలో కూర్చుని ఒకరు ఇంగ్లీషులో, ఒకరు తెలుగులో హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు.