తమ్ముడి ఇంజను

బిగుసుకుపోయిన పడవ ఇంజన్లకు ప్రాణం పోయాలంటే రేవు మొత్తానికి ఆ మేస్త్రీ ఒక్కడే దిక్కు. మాట కటువు, చెయ్యి మాత్రం మెత్తన. తండ్రి పోయాక షెడ్డు తనకూ, పడవ తమ్ముడికీ వచ్చాయి. ఆ పంపకాల్లో నోరు జారిన మాటలకు అన్నదమ్ములు మొహాలు చూసుకోవడం మానేశారు.

ఒకరోజు మరదలు తోపుడుబండి మీద ఇంజను తెచ్చింది. "ఆయనకి తెలీదు బావగారూ. పడవ ఒడ్డెక్కి ఏడాదైంది. ఇల్లు గడవట్లేదు."

మేస్త్రీ ఇంజన్ని షెడ్డులోకి దింపించుకున్నాడు. సిలిండర్లో డీజిలు పోసి నానబెట్టాడు. రోజూ పొద్దున్నే పిస్టన్ మీద చెక్కముక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టేవాడు. చివరికి అది వెంట్రుకవాసి కదిలింది. "కదిలావా, మొండి వెధవా!" అన్నాడు సంబరంగా. చిన్నప్పుడు తమ్ముణ్ణి అలాగే తిట్టేవాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఇంజను తీసుకెళ్ళిన మరదలు మర్నాడే ఏడుపు మొహంతో తిరిగొచ్చింది. "ఎవరు బాగుచేశారో తెలిసిపోయింది. వాడి చెయ్యి పడ్డది నా పడవలో ఉండకూడదంటూ నీళ్ళలోకి తోసేశారు."

"ఇవాళే పైకి తీస్తే బతుకుతుందమ్మా. మనుషుల్ని నేను పంపిస్తా."

"వద్దు బావగారూ. ఈసారి నన్ను తోస్తారు. రేపట్నుంచి ఐసు ఫ్యాక్టరీలో పనికెళ్తున్నా."

ఆమె వెళ్ళాక మేస్త్రీ రేవు గట్టుకు వెళ్ళాడు. అవతల ఖాళీ పడవలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. పిలిస్తే వినపడేంత దూరమే. ఎవరూ పిలవలేదు.