రెండు గీతల కంచం

మా మేనమామ సారంగపాణికి వరంగల్ బట్టల బజారు వెనక సందులో రంగుల దుకాణం ఉండేది. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు రంగుపొడి తూచి ఇవ్వడం ఆయన పని. సాయంత్రానికి మోచేతుల దాకా హోలీ ఆడినట్టుండేవాడు. ఆ రంగును పట్టించుకునేవాడు కాదు. ఆయన భయమంతా క్రిములంటేనే. బయట చాయ్ తాగడు, ఎవరన్నా దగ్గితే సందు మారతాడు.

డెబ్బై రెండులో ఆయన భార్య కళావతి అత్తమ్మకు టీబీ వచ్చింది. మామ ఆమె స్టీలు కంచం వెనక మేకుతో రెండు గీతలు కొట్టి, దాన్ని వసారాలో వేరుగా పెట్టించాడు. అందరూ తిన్నాక ఆమె అక్కడ ఒక్కతే కూర్చుని తినాలి. సూదులు పొడిపించుకుని, మాత్రలు మింగి, ఏడాదిన్నరకు అత్తమ్మ బాగైంది. ఇంక ఎవరికీ అంటుకోదని డాక్టర్ మామ ముందే చెప్పాడు. మామ తల ఊపాడు. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, టీవీ వచ్చింది, అత్తమ్మ కంచం మాత్రం రాలేదు. ఆమె ఒక్కసారే అడిగింది.

"ఉండనీ. ఎందుకైనా మంచిది" అన్నాడాయన.

పక్కవాకిలే మా ఇల్లు. రోజులో సగం అక్కడే ఉండే నాకు ఆ కంచం చూస్తే ఒళ్లు మండేది. ఎందుకైనా మంచిదంటూ మావాళ్లు చేసిన చెడు అంతా ఇంతా కాదు.

ఎనభై ఎనిమిదిలో మామకు మూత్రం ఎర్రగా వచ్చింది. దుకాణం రంగే అనుకుని కొన్నాళ్లు ఊరుకున్నాడు. హైదరాబాద్ దవాఖానలో చూపిస్తే మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ అన్నారు. ఇన్నేళ్ల రంగుపొడి వల్ల కూడా కావచ్చన్నారు. గడ్డను గీకి తీశాక, అది మళ్లీ మొలవకుండా కొత్త వైద్యం ఉందని డాక్టర్ వీరభద్రం చెప్పాడు.

"పసిపిల్లల జబ్బకు టీబీ టీకా వేస్తారు కదా, ఆ మందే మూత్రసంచిలోకి ఎక్కిస్తాం. అందులో ఉన్నవి ప్రాణమున్న క్రిములే గానీ సాధువులు. వాటిని చూసి మీ ఒంట్లో కాపలా లేస్తుంది. పనిలో పనిగా గడ్డ మీద కూడా పడుతుంది."

"టీబీ క్రిములా?" అన్నాడు మామ.

"ముందు ముందు ఇట్లాంటి సాధు క్రిముల్లోకే గడ్డను చంపే గుణం ఎక్కించి పంపుతారేమో" అని డాక్టర్ ఇంకా ఉత్సాహపడ్డాడు.

"అయితె అప్పుడే వస్త సార్" అని మామ లేచాడు.

వద్దంటే రేపు మూత్రసంచే తీసేసి, పొట్ట మీద బయట సంచి తగిలించాల్సి రావచ్చన్నాడు డాక్టర్. మామ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న అత్తమ్మ అందుకుంది.

"మనిషిని చంపే టీబీ వస్తేనే నేను బతికిన. మీరు సాధు టీబీకి భయపడుతాండ్రా? జర పండుకోండ్రి."

వారానికొకసారి, ఆరు వారాలు. మందు ఎక్కించాక రెండు గంటలు మూత్రం ఆపుకుని, వెల్లకిలా, బోర్లా, ఆ పక్కకూ ఈ పక్కకూ దొర్లాలి. "రొట్టెను కాల్చినట్టు తిప్పుతాండ్రు" అని మామ గొణిగాడు.

మొదటి మందు పడి ఇంటికి రాగానే ఆయన తనంతట తానే వసారాలో కూర్చున్నాడు. డాక్టర్ మరుగుదొడ్లో బ్లీచింగ్ పొయ్యమన్నాడే గానీ, కంచం మాటే ఎత్తలేదు.

"నాకు వేరే కంచంల పెట్టు. ఎందుకైనా మంచిది."

"వేరే కంచమంటె ఇంట్ల ఒక్కటే ఉన్నది" అంటూ అత్తమ్మ రెండు గీతల కంచంలో అన్నం పెట్టింది. తను లోపలికొచ్చి, ఆయన కంచం తీసుకుని, పిల్లల నడుమ కూర్చుంది. మామ వసారాలోంచి చూస్తూ అన్నం కలుపుకున్నాడు.

మూడు నెలలకు గొట్టం వేసి చూసి, గడ్డ జాడ లేదన్నారు. ఆ రోజు మామ నేరుగా వంటింట్లోకి వచ్చి పీట వేసుకున్నాడు.

"నా కంచం తే. డాక్టర్ బాగైందన్నడు గదా."

"నాకు గూడ అన్నడు" అంది అత్తమ్మ.

గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. మామ పీట మీంచి లేచి వసారాలోకి పోయాడు. గీతల కంచంలోనే తిన్నాడు.

తెల్లారి టంగుటంగుమని చప్పుడైతే గోడ ఇవతల నేనూ లేచి వెళ్లాను. మామ ఇంట్లో కంచాలన్నీ వసారాలో బోర్లించి, మేకూ సుత్తీ పట్టుకుని ఒక్కోదాని వెనక రెండేసి గీతలు కొడుతున్నాడు. తనది, పిల్లలవి, చుట్టాలకు పెట్టేవి, అన్నీ. తప్పయిందనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. అత్తమ్మ ఒక కంచం తిప్పి చూసింది.

"వంకర పోయినయ్. నా దానికైతె సక్కగ గీసిండ్రు."

"అప్పుడు కండ్లు మంచిగ కనవడ్డయే" అని మామ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

అత్తమ్మ ఆ కంచాలన్నీ ఎత్తుకుని లోపలికి నడిచింది. మధ్యాహ్నం అందరం ఒకే వరసలో కూర్చున్నాం. ఏది ఎవరి కంచమో ఎవరికీ తెలియలేదు.