చుక్కాని చెక్క

మన చర్చి ఆడవాళ్ల గ్రూపులో అందరికీ వందనాలు. వదినా, మోకాలు ఎలా ఉంది? సుగుణా, జ్వరం దిగిందా? పాస్టరుగారికి ఆయాసం తగ్గిందా?

మా ఆయన పెట్టెలో వచ్చిన చెక్కలు అతికించి నిజంగా మనిషెక్కే తెరచాప పడవ చేస్తున్నారు. పూర్తయితే ఈ వయసులో ఒక్కరే సముద్రంలోకి పోతారని భయమేసి, చుక్కాని చెక్కను పరుపు కింద దాచేశాను. ఈ రోజు పొద్దున్నుంచీ ఇల్లంతా వెతికారు. నేనూ వెతికినట్టే తిరిగాను.

"ఇక్కడే పెట్టేను కదే! నాకు మతి పోతందేటే?" అన్నారు.

"పోయి చాన్నాళ్లయింది కదండీ, ఇప్పుడు తెలిసిందా?" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నిజం చెబితే పడవెక్కుతారు, చెప్పకపోతే ఒడ్డునే ఉంటారు. మీరైతే చెబుతారా?

"నాన్నా, టెన్షన్ మత్ లో, కంగారు పడకండి" అంటూ మా అబ్బాయి మతిమరుపు డాక్టరుతో మాట్లాడాడు. సోమవారం పదింటికి రమ్మన్నారు.