ఎల్లవ్వ తోడు మీద నా పరిశోధన

దండెత్తి వచ్చి ఊళ్ళకు ఊళ్ళు నాశనం చేసినవాళ్ళ గురించి మీరు చదివే ఉంటారు. వాళ్ళకు ఏనుగులూ గుర్రాలూ కావలసి వచ్చాయి. నేను ఒక్క సన్నటి తీగతో, పది ప్లాస్టిక్ పళ్ళేలతో, కామాటిపురలోని మా చాల్‌లో, అంటే వరుస గదుల మేడలో, ఒక అంతస్తు మొత్తాన్ని ఒక్క సాయంత్రంలో పెరుగు లేకుండా చేశాను. అప్పటికి నేను బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు. గర్వం మాత్రం డాక్టరేటు పుచ్చుకున్నంత ఉండేది.

అంతకుముందు మా ప్రాక్టికల్స్ హాయిగా సాగేవి. ఏం చేయాలో పుస్తకంలో ఉండేది, ఏం వస్తుందో సీనియర్ల రికార్డులో ఉండేది. మధ్యలో మేం చేయవలసింది తెల్లకోటు వేసుకుని ఫొటో దిగడమే. ఆ ఏడు కొత్తగా వచ్చిన మేడమ్ ఈ సుఖాన్ని చెడగొట్టింది.

"ఈసారి జవాబు నాకూ తెలియదు. మీ ఇంటి చుట్టుపక్కల నుంచే ఒక ప్రశ్న తెచ్చుకోండి. మీరే తేల్చండి" అంది. ఆమెది మరాఠీ. మీ సౌకర్యం కోసం ఇక్కడ నన్ను తెలుగులోనే తిడుతుంది.

నా ప్రశ్న మా వరండాలోనే దొరికింది. మా అంతస్తులో ఎనిమిది ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్ళు. ఎనిమిదింటికీ పెరుగు తోడు చివరి ఖోలీ ఎల్లవ్వ దగ్గర నుంచే. ఆమె అత్త పాలమూరు నుంచి కూలిపనికి వస్తూ చిన్న ముంతలో తెచ్చిన తోడట. అత్త పోయింది, ముంత పగిలింది, తోడు మాత్రం ఒక్కరోజు తప్పలేదు. ఎవరింట్లో గిన్నె ఖాళీ అయినా చెంచా పట్టుకుని ఆమె గడప దగ్గర నిలబడితే చాలు. ఎల్లవ్వకు పిల్లల్లేరు. ఆ తోడంటే ఆమెకు ప్రాణం.

ఒకే తోడుతో పుట్టిన ఎనిమిది పెరుగుల్లో ఒకే రకం సూక్ష్మజీవులుంటాయా? ఇదీ నా ప్రశ్న. మేడమ్ మురిసిపోయి, సూక్ష్మజీవులు పెరిగే మేత పరిచిన పది పళ్ళేలు ఇచ్చింది. ఎనిమిది ఇళ్ళ పెరుగూ చిన్న డబ్బాల్లో తెచ్చి కాలేజీ ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను.

"ఎనిమిదింటి మీద పెరుగు. మిగతా రెండు ఖాళీవి. తీగను కాల్చి, చల్లార్చి, దేంట్లోనూ ముంచకుండా వాటి మీద గీయి. నీ పనిలో తప్పుంటే చెప్పేవి అవే" అంది.

నా పనిలో తప్పా? పైగా ఏమీ లేని తీగతో గీయడానికి పళ్ళేలు పాడుచేయడం నా మనసొప్పలేదు. ఆ రెండింటి మీదా ఎల్లవ్వ పెరుగే గీసేశాను.

ఇక తీగ సంగతి. దాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక పెరుగులో ముంచాలి. చల్లారిందో లేదో తెలిసేదెలా? మా ఇంట్లో పాలు తోడుపెట్టే వేడికి వచ్చాయో లేదో చిటికెన వేలు ముంచి చూస్తారు. నేనూ పదిసార్లు తీగకు చిటికెన వేలు ఆనించి, తృప్తిగా తల ఊపి, పని కానిచ్చాను. ఇక్కడే నవ్వేసినవాళ్ళు ఈ చదువు చదివినవాళ్ళు. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

రెండు రోజులకు పళ్ళేలు తీస్తే, సూక్ష్మజీవులు పెరిగిన తెల్లని చుక్కల మధ్య అక్కడక్కడా గుండ్రంగా బంగారు రంగు చుక్కలు. పదింటిలోనూ. అలాంటి రంగువాటిలో మనుషులకు వాంతులు తెప్పించేవి ఉంటాయని పుస్తకంలో చదివాను. మేడమ్ ఆ రోజు సెలవు. ఆమె వచ్చేదాకా ఆగాలి. కానీ ప్రజల ప్రాణాలు ఆగుతాయా? బస్సు పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

వరండాలో పక్క ఖోలీ నర్సక్క బట్టలు ఆరేస్తోంది.

"నర్సక్కా, పెరుగు తినకుండ్రి. ఎనిమిది ఇండ్ల పెరుగుల ఒక్కటే పురుగున్నది."

"ఒక్కటే పురుగెట్లొస్తదే అందరికి?"

"తోడు ఎక్కడికెల్లి వస్తది మరి?" అన్నాను, పెద్ద డిటెక్టివ్ లాగా.

నర్సక్క చివరి ఖోలీ వైపు చూసింది. "అందుకేనా మొన్న మా ఆయనకు కడుపు ఖరాబైంది."

ఆయన ఆ రోజు ఆరు వడాపావ్‌లు తిన్నాడన్న సంగతి నా పరిశోధన పట్టించుకోలేదు.

మాటలు విని ఎల్లవ్వ బయటికొచ్చింది. "నా తోడుల పురుగా బిడ్డా?"

"నేను చెప్తలేనవ్వా, సైన్స్ చెప్తున్నది."

"మీరందరు దీంతోనే పెద్దగైతిరి కదనే."

"అదే నా భయం."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఎల్లవ్వ లోపలికెళ్ళి గిన్నె తెచ్చి, అందరి ముందూ మోరీలో పారబోసి, తోమి బోర్లించి, తలుపేసుకుంది. ఆమెను చూసి ఒకరి తర్వాత ఒకరు పారబోశారు. మర్నాటి నుంచి అందరూ ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి ప్యాకెట్ పెరుగు తెచ్చుకున్నారు. ఎల్లవ్వ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

సోమవారం మేడమ్ నా పళ్ళేలు చూసింది. "ఖాళీవి ఏవి?"

"వాటినీ వాడేశాను మేడమ్. వృథా ఎందుకని."

ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. "తీగ ఎలా చల్లార్చావు?"

చిటికెన వేలు గర్వంగా చూపించాను. ఆమె కొత్త పళ్ళెం తెచ్చి, ఆ వేలిని దాని మీద ఆనించమంది. ఫ్రిజ్‌లో దాచిన పెరుగులను దగ్గరుండి మళ్ళీ గీయించింది. రెండు రోజులకు పెరుగు పళ్ళేల్లో తెల్లచుక్కలే. నా వేలి పళ్ళెంలో మాత్రం బంగారం పండింది.

"ఇవి మనిషి చర్మం మీద ఉండేవి. ఆ పెరుగులో ఏ తప్పూ లేదు. ఇదంతా రికార్డులో రాసి, ఇంటికెళ్ళి చెప్పు" అంది మేడమ్.

"ఆ ఫ్రిజ్‌లో పెరుగు కొంచెం ఇంటికి తీసుకెళ్ళనా? తోడుకి."

"దాని పక్క సీసాలో ఏముందో చదువు."

చదివాను. ఏదో రోగపు క్రిముల పేరు. మళ్ళీ అడగలేదు. అంటే పాలమూరు నుంచి వచ్చిన తోడు ఇక లేదు, దాన్ని చంపింది నేను. బస్సులో దారంతా ఏడ్చాను.

ఎల్లవ్వ తలుపు కొట్టి, "తప్పు నాదేనవ్వా, పురుగు నా చేతిది" అన్నాక తలుపు తెరుచుకుంది. అంతస్తంతా గుమిగూడింది.

"నీ చెయ్యి కడుక్కుంటే పోతది బిడ్డా. నా తోడు ఎక్కడికెల్లి తెద్దు?" అంది ఎల్లవ్వ.

అప్పుడు మా అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఎల్లవ్వ చేతిలో ఒక గిన్నె పెట్టింది. నిండా పెరుగు.

"నీదే అవ్వా. నేను పారబొయ్యలే. రోజు తోడేస్తనే ఉన్న. నీకు చెప్దామంటే నువ్వు తలుపు తీస్తలేవు."

నేను నోరు తెరిచాను. "మరి మనం తిన్నది ప్యాకెట్ పెరుగు కాదా?"

"ప్యాకెట్‌ది మస్తుగున్నదని రెండుసార్లు ఏసుకున్నవ్ కదా, అది ఇదే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పబోయిన. నీకు తెల్వదమ్మా అన్నవ్."

"నీకెట్ల తెలిసింది మరి?"

"ఎనిమిది ఇండ్ల పెరుగు ఒక్కపారే ఖరాబైందంటివి. ఎనిమిదింటిని ముట్టినోళ్ళు ఎవరా అని ఆలోచించిన. బస్సు దిగొచ్చి కడుగని చెయ్యి అన్నం గిన్నెల పెట్టేది ఈ అంతస్తుల ఒక్కతే."

ఎల్లవ్వ ఆ పెరుగు ఒక చెంచా నోట్లో వేసుకుంది, కళ్ళు తుడుచుకుంది, పాలు కాచడానికి లోపలికెళ్ళింది. మర్నాడు ఎనిమిది ఇళ్ళకూ తోడు అందింది. మా వంతు మాత్రం అమ్మ చేతికే ఇచ్చింది.

కాబట్టి పెద్దలారా, ఇకమీదట ఎవరి గిన్నె మీదా తొందరపడి తీర్పు చెప్పనని, సైన్స్ పేరు చెప్పి నా వేలి పాపాన్ని ఇంకొకరి మీద రుద్దనని మీ అందరి ముందూ కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. చెయ్యి సబ్బుతోనే కడిగాను. నమ్మకం లేకపోతే మా అమ్మనడగండి, పక్కనే నిలబడి కడిగించింది.